చిట్టచివరి పాఠకుడి పేజీ

పఠన వికాస సంస్థ డైరెక్టరు గారి మనసు విరిగింది. అందువల్ల రాష్ట్రంలో నవలలు చదివేవాళ్లంతా నోరు మూసుకోవలసి వచ్చింది.

జరిగింది చిన్న విషయమే. డైరెక్టరు గారు ఉద్యోగ ధర్మంగా ఒక వాట్సాప్ పాఠకుల గ్రూపులో చేరారు. చేరాక పరువు దక్కించుకోవాలి కనుక అందరూ చదువుతున్న హత్యల నవల ఒకటి తెప్పించుకున్నారు. తీరా చూస్తే ఆ నవల ఆయనకు నిజంగానే నచ్చింది. కారులో చదివారు, సమీక్షా సమావేశాల్లో ఫైలు మాటున పెట్టుకుని చదివారు. కాసేపు వంటమనిషి మీద, కాసేపు మేనల్లుడి మీద అనుమానపడుతూ హాయిగా ఉన్న సమయంలో, గ్రూపులో ఎవరో ఇల్లాలు “పాపం, అంత మంచి డాక్టరు ఆ పని చేస్తాడని ఎవరనుకుంటారండీ!” అని రాసి పక్కన ఏడుపు బొమ్మ పెట్టింది. డైరెక్టరు గారు ఆ పూట భోజనం కూడా చెయ్యలేదని ఆయన డ్రైవరు చెప్పాడు.

మర్నాడు కమిటీ వేశారు. కమిటీలో నవలలు చదివే అలవాటున్నవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లుంటే పక్షపాతం వస్తుందని ముందే తప్పించారు. అందుకే పని త్వరగా తెమిలి, ముగింపుల పరిరక్షణ ఉత్తర్వు వెలువడింది.

“నవల అనునది ముగింపు కలిగిన ప్రజా సంపద అయినందునను, సదరు ముగింపు గడువుకు ముందే బహిర్గతమగుట వలన పాఠకుల ఉత్కంఠకు పూడ్చలేని నష్టము వాటిల్లుచున్నందునను, ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: ఏ పాఠక సమూహమునందైనను అందరికంటె వెనుకనున్న పాఠకుడు ఏ పేజీలో ఉన్నాడో, ఆ పేజీ దాటిన సంగతిని ఎవరును ప్రస్తావించరాదు.” దీనికి చిట్టచివరి పాఠకుడి పేజీ అని పేరు పెట్టారు. వారం తిరక్కుండానే ఆఫీసుల్లో దాన్ని ముద్దుగా చి.పా.పే. అనడం మొదలుపెట్టారు. యాభై మంది దాటిన ప్రతి గ్రూపూ రిజిస్టరు కావాలి, ప్రతి గ్రూపులో ఒక పఠన పర్యవేక్షకుడు ఉండాలి అన్నారు. మూడు వారాల పాటు చర్చ జరగని గ్రూపును నిద్రాణ సమూహంగా ప్రకటించి రద్దు చేస్తామనీ అన్నారు. ఎందుకంటే సంస్థ ఉన్నదే చర్చలను పెంచడానికి.

తణుకులో ఈ దెబ్బ గట్టిగా తగిలింది వకుళకి. ఆవిడ మాణిక్యాంబ కల్యాణ మండపానికి మేనేజరు. పెళ్లివారితో వ్యవహారమంటే పగలంతా ఒప్పుకోవడమే. ఏసీ చాలలేదంటే నిజమేనండి అనాలి, ఎక్కువైందంటే అదీ నిజమేనండి అనాలి. మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ ఒకే సోఫా కోసం పోట్లాడుకుంటే ఇద్దరిదీ న్యాయమే అనాలి. ఇంటికి వెళ్తే భర్తకు క్రికెట్టు, అత్తగారికి సీరియలు. ఇరవై ఏళ్లుగా ఎవరినీ కాదనకుండా బతికిన ఆ మనిషి, సొంత అభిప్రాయం ఒకటి తనకుందని గుర్తుంచుకున్నది “పేజీ మడత” అనే గ్రూపు వల్లనే.

గ్రూపు పెట్టింది ఆవిడే. అద్దె నవలల షాపు మూతపడ్డాక అక్కడ తారసపడే నలుగురితో మొదలై అరవై మంది దాకా పెరిగింది. అందరూ ఒకే నవల ఒకేసారి మొదలుపెట్టి, చదువుతూ చదువుతూ పోట్లాడుకోవాలి. అదే అక్కడి ఆచారం. ఉత్తర్వు వచ్చేనాటికి మూఢం నడుస్తోంది, పెళ్లిళ్లు లేవు, మండపం ఖాళీ. వాళ్లు చదువుతున్నది ‘వెండి మరచెంబు’ అనే నాలుగు వందల పేజీల పాత నవల. అందులో మందాకిని అనే అమ్మాయిని రైసుమిల్లు ప్రకాశానికి ఇవ్వాలని పెద్దలు నిశ్చయిస్తారు. పెళ్లిచూపులకు వెళ్తూ ఆ పిల్ల పొరపాటున వేరే స్టేషన్లో దిగిపోతుంది. అక్కడ శేషు అనే రైల్వే గార్డు ఉంటాడు.

“ఆ ప్రకాశంలో ఏ గుణముందండీ, మిల్లు తప్ప?” అని నిడదవోలులో మందుల షాపు నడిపే తబస్సుమ్ రాసింది.

“మిల్లు గుణం కాదేంటండీ?” అని ఎవరో పెద్దాయన రాశారు.

దానికి వకుళ ఫోను వేడెక్కేంత పెద్ద జవాబు రాసింది. అది చదివి ఏడుగురు ఆవిడ పక్షాన, తొమ్మిదిమంది ఎదురుపక్షాన చేరారు. ఆ రాత్రి వకుళ ఎంతో సంతోషంగా నిద్రపోయింది. సరిగ్గా మర్నాడే గ్రూపులోకి పర్యవేక్షకుడు వచ్చాడు.

ఆయన పేరు చిదంబరేశ్వరరావు. తూనికలు కొలతల పనిలో కిరాణా కొట్ల తూకం రాళ్లకు ముద్రలు కొట్టిన మనిషి. కొలవడం వచ్చు గనుక చదువును కూడా కొలవగలడని ఇటు పంపారు. వస్తూనే ఇలా రాశారు:

“గౌరవ సభ్యులకు నమస్కారములు. ఈ సమూహమునకు పఠన పర్యవేక్షకునిగా నేను ఈ దినము పూర్వాహ్నమున బాధ్యతలు స్వీకరించితిని. సభ్యులు తామున్న పేజీని ప్రతి ఉదయమును తెలియజేయవలెను.”

సభ్యులు అలవాటు ప్రకారం గులాబీలు, మందారాలు, శుభోదయాలు పంపారు.

“పుష్పములు పేజీలు కావు,” అని ఆయన రాశారు.

సరే, పేజీలు చెప్పారు. అందరికన్నా వెనక ఉన్నది రత్నాజీ మాస్టారని తేలింది. ఆయన రిటైరయిన డ్రాయింగు మాస్టారు. నవలలో ఏ సన్నివేశం నచ్చినా ఆగి, అంచులో పెన్సిలుతో బొమ్మ వేసుకుంటే గాని ముందుకు కదలరు. ఇప్పటికి ముప్ఫై ఒకటో పేజీలో ఉన్నారు. అంటే మందాకిని ఇంకా ఇంట్లో ట్రంకుపెట్టె సర్దుకుంటూనే ఉంది, రైలెక్కలేదు. అరవై మందీ ఆ ట్రంకుపెట్టె దగ్గరే నిలబడిపోయారు.

వకుళ మాస్టారింటికి ఫోను చేసింది. ఆయన భార్య ఎత్తారు.

“కాస్త తొందరగా చదవమనండి పిన్నిగారూ. అందరం ఆయన కోసమే ఆగిపోయామండి.”

“నేనూ అదే పోరుతున్నానమ్మా. ఇప్పుడే ట్రంకుపెట్టె బొమ్మ మొదలెట్టారు. దానికి తాళంకప్ప ఉందని రాశారంట. ఆ కప్ప పూర్తయ్యేదాకా పేజీ తిప్పరు.”

అయినా అది భరించదగ్గ కష్టమే. మాస్టారు పగలంతా గీసి పొద్దుగూకేసరికి ఏదో ఒక పేజీ తిప్పేవారు. అంతలో తబస్సుమ్ ఊరుకోక, నిజంగా తెలుసుకుందామనే అడిగిందో, గిల్లుదామనే అడిగిందో గాని, గ్రూపులో ఒక ప్రశ్న వేసింది. “సార్, మీరూ గ్రూపులో ఉన్నారు కదండీ. మీరే పేజీలో ఉన్నారు?”

చిదంబరేశ్వరరావు గారు నిజాయితీపరుడు. అదే మన దురదృష్టం. “నేను నవలలు చదువను,” అని రాసి, సందేహం వచ్చి, పై ఆఫీసును వివరణ కోరారు. పై ఆఫీసు ఆలోచించి జవాబిచ్చింది: సమూహంలో ఉన్న ప్రతి ఒక్కరూ సభ్యులే, ప్రతి సభ్యుడూ పాఠకుడే, పుస్తకం తెరవని పాఠకుడు సున్నా పేజీలో ఉన్నట్టు భావించాలి. కాబట్టి పేజీ మడత గ్రూపులో చిట్టచివరి పాఠకుడు పర్యవేక్షకుడే. ఒకటో పేజీలో మొదటి మాట గురించి కూడా ఎవరూ ఏమీ అనకూడదు.

ఇక మిగిలింది అట్ట. అట్ట మీద ఒకమ్మాయి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ఆమె చీర అంచు జరీయా, పట్టా అని రెండు రోజులు చర్చించుకున్నారు. ప్లాట్‌ఫారం బొమ్మ వల్ల కథానాయిక ఏదో స్టేషన్‌కు చేరుతుందన్న సంగతి వెల్లడవుతున్నదని చిదంబరేశ్వరరావు గారు కనిపెట్టి, అట్టను కూడా నిషేధించారు. తర్వాత అంకితం పేజీ పట్టుకున్నారు. ‘మా మేనత్తకు’ అని ఉంది. ఆ మేనత్త ఎలాంటిదై ఉంటుంది, కోపిష్టిదా, పిల్లలున్నారా అని మాట్లాడుకుంటూ ఉండగా, ఆవిడ పోలికలు కథలో ఎవరికైనా ఉండవచ్చునని అనుమానం వచ్చి దాన్నీ ఆపించారు. చివరికి పుస్తకం బరువు మీద మాత్రం అనుమతి మిగిలింది. బరువంటే ఆయనకు స్వతహాగా ఇష్టం. మొదటిసారి ఆయన కూడా చర్చలో ఉత్సాహంగా పాల్గొని, తేమ వల్ల కాగితం బరువు పెరిగే విధానం వివరించారు.

మనుషులు ఎంతకని పుస్తకం బరువు గురించి మాట్లాడుకుంటారు? ఒక్కొక్కరే జారుకోసాగారు. పొద్దున్నే లేచి చూస్తే ఫలానావారు గ్రూపు విడిచిపెట్టారు అని ఒక బూడిదరంగు గీత. ఆ గీత చూసినప్పుడల్లా వకుళ మిగిలినవాళ్లను లెక్కపెట్టుకునేది. ఇలాగే ఉంటే గ్రూపు రద్దవుతుంది. రద్దయితే తన మాట అడిగేవాళ్లుండరు. ఇరవై ఏళ్లుగా చేస్తున్నట్టే అందరికీ అలాగేనండి, నిజమేనండి అనుకుంటూ మిగతా బతుకంతా గడపాలి. ఆ ఆలోచనకు ఆవిడకు ఏడుపొచ్చింది. ముఖం కడుక్కుని తిన్నగా పర్యవేక్షకుడి ఆఫీసుకు వెళ్లింది.

ఆఫీసంటే ఎరువుల గోడౌను మీద ఒక గది. బల్ల మీద కాగితాలు ఎగరకుండా కిలో రాయి పెట్టి ఉంది.

“నమస్కారమండి. వకుళనండి, పేజీ మడత పెట్టింది నేనేనండి.”

“ఆయ్, కూర్చోండి మేడమ్. నా కింద ఉన్న గ్రూపులన్నిట్లోకీ మీదే క్రమశిక్షణ గలదండి. వారం నుంచి ఒక్క ఉల్లంఘన లేదు.”

“ఉల్లంఘించడానికి మాటలుండాలి కదండీ.”

“అదేనండి మేం కోరుకునే ఆదర్శ స్థితి.”

“మరి చర్చ లేకపోతే రద్దు చేస్తామన్నారు కదండీ?”

చిదంబరేశ్వరరావు గారు ఆ కాగితం తీసి రెండుసార్లు చదువుకున్నారు. “అదీ నిజమేనండి,” అన్నారు చాలా విచారంగా. ఆ మాట తాను రోజూ పెళ్లివారితో అనే మాటే కావడంతో వకుళకి ఆయన మీద కోపం కొంచెం తగ్గింది.

“మీరొక్కరు చదివేస్తే అందరం బతుకుతామండి.”

“ఎక్కడ చదవమంటారు మేడమ్? ఆఫీసులో నవల చదివితే ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. ఇంట్లో చదివితే ఆఫీసు పని అనుమతి లేకుండా ఇంటికి పట్టుకెళ్లినట్టవుద్ది.”

“మీరు రోజూ ఎలా వస్తారండి?”

“అత్తిలి నుంచి బస్సండి.”

“బస్సులో చదవచ్చాండి?”

ఆయన నియమాల పుస్తకం తీసి మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. “బస్సు విషయంలో నియమాలు మౌనంగా ఉన్నాయండి,” అన్నారు.

వకుళ సంచీలోంచి తన ప్రతి తీసి కిలో రాయి పక్కన పెట్టి వచ్చేసింది. పోయినా పరవాలేదు, తబస్సుమ్ చేత ఇంకొకటి తెప్పించుకోవచ్చని అనుకుంది.

అప్పట్నుంచి పేజీ మడత గ్రూపు భవితవ్యం అత్తిలి బస్సు మీద ఆధారపడింది. బస్సు ఖాళీగా వస్తే ఆయనకు కూర్చోను చోటు దొరికి ఆరేడు పేజీలు సాగేవి. నిలబడి వస్తే ఒక్కటీ సాగేది కాదు. అత్తిలి వైపు చుట్టాలున్న సభ్యులు ఆయన ఎక్కే వేళకి సీటుకు తువ్వాలు వేయించి ఉంచేవారు. ఒకరోజు రైల్వే గేటు పడి, గూడ్సు బండి అడ్డంగా ఆగిపోయింది. ఊరంతా తిట్టుకుంటూ ఉంటే గ్రూపుకు ఒకేసారి పాతిక పేజీలు కలిసివచ్చాయి. “గేటుమాను చల్లగా ఉండాలి,” అని రత్నాజీ మాస్టారు రాశారు. ఆ గేటు బొమ్మ కూడా వేసి పెట్టారు.

చిదంబరేశ్వరరావు గారు మొదట్లో స్కేలు పెట్టుకుని వరస తర్వాత వరస చదివేవారు. ప్రతి ఉదయం పేజీ ప్రకటించి, సభ్యులు అంతవరకు మాట్లాడుకోవచ్చునని అనుమతి ఇచ్చేవారు. ఆయన ట్రంకుపెట్టె దాటారు, మందాకినిని రైలెక్కించారు. తర్వాత ఒకరోజు పేజీ ప్రకటన రాలేదు. పదకొండు దాటినా రాలేదు. వకుళ కంగారుపడుతూ ఉండగా తబస్సుమ్ ఫోను చేసింది.

“వకుళక్కా, మీ సారు ఇక్కడున్నారు.”

“నిడదవోలులోనా? అక్కడేం పని?”

“మా షాపు ఎదురుగా బస్టాండు బెంచీ మీద కూర్చుని చదూతున్నారు. తణుకులో దిగడం మర్చిపోయారంట. తిరుగు బస్సు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది, లేవట్లేదు. మంచినీళ్లు ఇద్దామని వెళ్తే, ‘ఆ పిల్ల ఊరు కాని ఊర్లో దిగిపోయిందండీ, చేతిలో చెంబు తప్ప ఏమీ లేదు’ అని నాకే చెప్తున్నారు.”

ఆ సాయంత్రం గ్రూపులో ప్రకటన వచ్చింది: “పర్యవేక్షకుడు నేటికి నూట నలుబదియవ పేజీకి చేరినాడు. మందాకిని విషయమున సభ్యులు తొందరపడి అభిప్రాయములు వెలిబుచ్చరాదని మనవి. ఆమె మంచిది.”

తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆదివారాలు పని లేకపోయినా అత్తిలి నుంచి బస్సెక్కి వచ్చి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయేవారు. వెళ్లిపోయిన సభ్యులు ఒక్కొక్కరే తిరిగి వచ్చి చేరారు. రత్నాజీ మాస్టారు కూడా శేషు ముఖం ఎంత గీసినా కుదరడం లేదని బొమ్మలు మానేసి, ఆ వేడిలో నవల పూర్తిచేసేశారు. శ్రావణం వచ్చేసరికి చిదంబరేశ్వరరావు గారు కూడా చివరి పేజీ మూశారు. మూసి, ఇక మనసారా మాట్లాడుకోవచ్చునని, చిట్టచివరి పాఠకుడు ఎవరో చూశారు.

వకుళ. నూట ఎనభై ఎనిమిదో పేజీ.

ఆవిడ తప్పు ఏముంది? ఇంకో ప్రతి చేతికందేసరికి మూఢం వెళ్లి ముహూర్తాలు ముంచుకొచ్చాయి. ఒకే రోజు రెండేసి పెళ్లిళ్లు. పొద్దున్నే పందిరివాడితో, మధ్యాహ్నం వంటవాళ్లతో, సాయంత్రం కరెంటువాడితో. ఇంటికొస్తే పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని నిద్రపోయేది. గ్రూపును బతికించుకున్న మనిషే ఇప్పుడు అరవై మంది నోటికీ తాళమైంది. ఎవరూ పైకి ఏమీ అనలేదు గాని, రోజూ పొద్దున్నే అందరూ ఆవిడకి గులాబీలు పంపడం మొదలుపెట్టారు. ఆవిడకు సిగ్గుతో చచ్చిపోదామనిపించింది.

అందరికన్నా అవస్థ పడ్డది చిదంబరేశ్వరరావు గారు. జీవితంలో మొదటిసారి ఒక నవల చదివి, దాని గురించి మాట్లాడటానికి మనిషి లేక ఆయన నలిగిపోయారు. ఇంట్లో భార్యకి చెబుదామంటే ఆవిడ చెప్పకుండా ఏ గ్రూపులోనో చేరి పదో పేజీలో ఉంటే ఏం గతి అని భయం. వకుళకి ఫోను చేసి “కుదిరిందాండి?” అని అడిగేవారు. కుదరలేదండి అంటే నిట్టూర్చి పెట్టేసేవారు.

చివరికి ఒక పగటి ముహూర్తం రోజున, హాల్లో మొదటి బంతి విస్తళ్లు లేస్తున్న వేళ, ఆయన వంటశాలలో ఇస్త్రీ చొక్కాతో పుస్తకం చంకన పెట్టుకుని ప్రత్యక్షమయ్యారు.

“మేడమ్, మీ చేతులకూ కళ్లకూ పని ఉంది గాని, చెవులు ఖాళీయే కదండీ?”

“ఎక్కడండీ, మైకులో సన్నాయి!”

“విన్న పేజీ చదివిన పేజీతో సమానమని నిన్ననే వివరణ తెప్పించానండి.” అంటూ బియ్యం బస్తా మీద కూర్చుని నూట ఎనభై తొమ్మిదో పేజీ తీశారు.

తూకం రాళ్ల మనిషి అంత బాగా చదువుతాడని ఎవరూ అనుకోరు. మందాకిని మాటలు మెల్లగా, ప్రకాశం మాటలు దర్పంగా, శేషు నోరు విప్పని చోట్ల తానూ కాస్త ఆగి చదివారు. వకుళ అప్పడాల డబ్బాలు అందిస్తూ వింది. కూరలు తరిగే ఆడవాళ్లు కత్తిపీటలు వాల్చారు. వంట మేస్త్రి సత్తిబాబు పులిహోర కలుపుతూ కలుపుతూ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“ఆడికేం రోగమండీ,” అన్నాడు శేషు గురించి. “సెప్పొచ్చు కదా ఆ పిల్లతో.”

“ష్!” అన్నారు అందరూ.

సాంబారు ఏదని అడగడానికి వచ్చిన పెళ్లికూతురి మేనమామ, ఒక్క నిమిషం విని పోదామని నిలబడి, పీట వేసుకుని కూర్చున్నాడు. ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లూ కూర్చున్నారు. పొయ్యిలు మండుతూనే ఉన్నాయి గాని వడ్డన మాత్రం ఆగిపోయింది. రెండో బంతి వాళ్లు ఖాళీ విస్తళ్ల ముందు మర్యాదగా ఎదురుచూస్తున్నారు.

వాళ్లలో ఒకాయన ఓపిక పట్టలేక లేచి, వంటశాల గుమ్మం దాకా వచ్చాడు. మగపెళ్లివారి తరఫున హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద అతిథి. వచ్చి, అరవబోయి, ఎందుకో ఆగాడు. శేషు రైలు కదలడానికి పచ్చజెండా ఊపే చోటది. మందాకిని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. అతిథి స్తంభాన్ని ఆనుకుని అలాగే వింటూ ఉండిపోయాడు. పేజీ తిప్పబోతూ తలెత్తిన చిదంబరేశ్వరరావు గారు ఆయన్ని చూసి, ఠక్కున పుస్తకం మూసి లేచి నిలబడ్డారు. ఆ ముఖం ఆయన ఆఫీసు గోడ మీద ఫోటోలో రోజూ చూసేదే. పఠన వికాస సంస్థ డైరెక్టరు గారు.

“ఆపావేం?” అన్నారు డైరెక్టరు గారు. “అతను ఆ రైలెక్కాడా? ఆ అమ్మాయి ఎవర్ని చేసుకుంది?”

“క్షమించాలి సార్. చెప్పడానికి వీల్లేదండి.”

“ఏం?”

“తమరు ఒకటో పేజీ చదవలేదు, వినడమూ అందరికన్నా ఆలస్యంగా మొదలెట్టారండి. ఇక్కడున్న వారందరిలోకీ చిట్టచివరి పాఠకులు తమరేనండి.”

“నేనెవరో తెలుసా?”

“తమరి ఉత్తర్వేనండి సార్.”

డైరెక్టరు గారు చుట్టూ చూశారు. గరిటె పట్టుకుని ఉన్న సత్తిబాబుని అడిగారు. “నువ్వు చెప్పవయ్యా, ఇంతవరకు ఏమైంది?”

“మాకెందుకండి బాబూ గవర్నమెంటుతో గొడవ,” అని సత్తిబాబు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. కూరల దగ్గరి ఆడవాళ్లు తలలు దించుకున్నారు. మేనమామ గోడకేసి తిరిగాడు. వంటశాలంతా ఆదర్శ స్థితికి చేరుకుంది. పులిహోర చల్లారిపోతోంది.

డైరెక్టరు గారు కాసేపు అటూ ఇటూ నడిచారు. “సరే, ఆ ఉత్తర్వు రద్దు. చెప్పు.”

“నోటి మాట చెల్లదండి సార్.”

డైరెక్టరు గారు ఫోను తీసి, వంటశాల బయటికి వెళ్లి ఎవరి మీదో గట్టిగా కేకలు వేశారు. కొంతసేపటికి చిదంబరేశ్వరరావు గారి ఫోనులోకి కాగితం ఒకటి వచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని నంబరు చూశారు, తేదీ చూశారు, సంతకం ఉందో లేదో చూశారు. ముగింపుల పరిరక్షణ ఉత్తర్వు తక్షణమే రద్దయింది. అది పేజీ మడత గ్రూపుకు పంపారు. అప్పుడు కొన్ని వారాలుగా ఆయన గుండెల్లో ఇరుక్కుని ఉన్నదంతా ఒక్కసారి బయటపడింది.

“ఎవర్నీ చేసుకోదండి! ప్రకాశాన్నీ చేసుకోదు, శేషునీ చేసుకోదు! శేషు బండెక్కి వెళ్లిపోతాడండి, ఆ అమ్మాయి ఆ స్టేషన్లోనే టికెట్లిచ్చే ఉద్యోగంలో చేరిపోతుందండి!”

“ఆగండి!” అని వకుళ అరిచేటప్పటికే ఆలస్యమైపోయింది.

అప్పడాల డబ్బా చేతిలో పట్టుకుని ఆవిడ అలా నిలబడిపోయింది. ఇన్నాళ్లు దేని కోసం పోరాడిందో ఆ స్వేచ్ఛ వచ్చింది, వస్తూనే మొదటి దెబ్బ ఆవిడనే కొట్టింది. ఇంకా రెండు వందల పేజీలున్నాయి. ఆ పేజీలన్నీ నిద్ర ఆపుకుని, రోజుకు కొంచెం కొంచెంగా తాగాలని అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యో, అని పైకే అనేసింది.

అంతలో నడుముకు దోపుకున్న ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఇక ఆగకుండా మోగుతూనే ఉంది. తబస్సుమ్, రత్నాజీ మాస్టారు, వెళ్లిపోయి తిరిగొచ్చినవాళ్లు, పేరు తప్ప మాట ఎన్నడూ వినని వాళ్లు, అందరూ ఒకేసారి మీద పడ్డారు. ప్రకాశాన్ని చేసుకుంటే ఏం పోయేదని ఒకరు. అదేం ముగింపండీ, డబ్బులు వెనక్కివ్వమనండి అని ఒకరు. పాపం శేషు, ఆ బంగారంలాంటి మనిషిని అలా పంపేస్తుందా అని పద్దెనిమిది మంది. వకుళ మెసేజీలు చదువుతూ ఉంటే ముఖం వేడెక్కింది. శేషు మీద జాలేమిటి వీళ్లకి? చేతులు కొంగుకు తుడుచుకుంది. బియ్యం బస్తాకు ఆనుకుని రాయడం మొదలుపెట్టింది.

“మేడమ్, సాంబారు!” అని హాల్లోంచి ఎవరో కేక వేశారు.

“రాదండి!” అంది వకుళ తలెత్తకుండా.

ఆవిడ రాసి పంపింది ఇది: “శేషుకి అలా జరగాల్సిందే. ఇన్ని వందల పేజీల్లో ఒక్కసారి నోరు విప్పని మనిషికి మందాకిని ఎందుకండీ?”

ఎదురుగా నిలబడి ఉన్న చిదంబరేశ్వరరావు గారు అది తన ఫోనులో చదువుకున్నారు. ఆయన ముఖం జేవురించింది. బల్ల మీద పుస్తకం పెట్టి, రెండు బొటనవేళ్లతో తంటాలుపడి టైపు చేశారు. పర్యవేక్షకుడిగా చేరిన తర్వాత ఆయన మామూలు తెలుగులో రాసిన మొదటి మెసేజి అదే:

“అన్యాయమండి మేడమ్. మాట్లాడనోడికి మనసుండదేంటండీ?”

వకుళ ఆయన కేసి ఒక్కసారి చూసి, మళ్లీ ఫోనులోకి వంగి జవాబు కొట్టసాగింది.